కౌలాలంపూర్‌ను తిరుగు ప్రయాణానికి దాచుకోండి

తక్కువ ఖర్చులో ఏదైనా ఆసియా నగరం చూసిరావడం గురించి రాయమని అమెరికాలోని మన తెలుగు సంఘం సంచిక కమిటీవారు అడిగారు. "మీరు టికెట్ల రంగంలోనే ఉన్నారుగా" అన్నారు. నిజమే, ఇరవై ఏళ్లుగా విమాన టికెట్ల సాఫ్ట్‌వేర్‌తోనే నా ఉద్యోగం. అయినా కిందటేడాది మా అమ్మని కౌలాలంపూర్‌లో మూసేసిన చెక్-ఇన్ కౌంటర్ ముందు నిలబెట్టాను. హోటళ్ల సంగతీ తిండి సంగతీ తర్వాత చెబుతాను. ముందు ఇది వినండి.

విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి 2024లో నేరు విమానం వచ్చింది, నాలుగు గంటల ప్రయాణం. ఉత్తరాంధ్ర వాళ్లకి ఇది పెద్ద వరం. అమెరికా నుంచి కౌలాలంపూర్‌కి రానూపోనూ ఒక టికెట్, అక్కడినుంచి విశాఖకి చవక విమానంలో ఇంకో టికెట్ తీసుకుంటే బాగా కలిసొస్తుంది. మేం ముగ్గురమూ అలాగే కొన్నాం. వెళ్లేటప్పుడు మూడు రోజులు నగరం చూద్దామనుకున్నాం గానీ, ఊరికి వెళ్లే తొందరలో ఒక్క పూటతో సరిపెట్టాం. తిరుగు ప్రయాణంలో రెండు విమానాల మధ్య ఐదు గంటలు ఉంచాను. చాలనుకున్నాను.

విశాఖ విమానం మూడు గంటలు ఆలస్యమైంది.

టికెట్లు వేరైతే బుకింగ్ నంబర్లు (పీఎన్‌ఆర్‌లు) వేరు. మొదటి విమానం ఆలస్యమైందని రెండోవాళ్లకి తెలియదు, తెలిసినా వాళ్లకి బాధ్యత లేదు. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానం ఎక్కించే పూచీ వాళ్లది, మీ పెట్టెలూ వాటంతటవే వెళ్లిపోతాయి. విడి టికెట్లలో పెట్టె మీరే దింపుకోవాలి. దింపుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి మలేసియాలోకి ప్రవేశించాలి. ప్రవేశించాలంటే 2024 జనవరి నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరే రోజుకి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, డబ్బేమీ కట్టనక్కర్లేదు. వెళ్లేటప్పుడు నింపాం కదా అనుకున్నాను. కాదు, ప్రవేశించిన ప్రతిసారీ కొత్తది కావాలి.

విమానం తలుపు తీసేసరికి మా చేతిలో గంటా యాభై నిమిషాలున్నాయి. నడకకి పది నిమిషాలు. గోడకి ఆనుకుని ముగ్గురి ఫారాలూ ఫోన్‌లో నింపడానికి పావుగంట. అమ్మ పాస్‌పోర్టు నంబరు రెండుసార్లు తప్పు కొట్టాను, చేతులు వణుకుతుంటే. ఇమిగ్రేషన్ వరసలో అరగంట, పెట్టెల దగ్గర పది నిమిషాలు. మేం దిగింది రెండో టెర్మినల్‌లో, ఎక్కాల్సింది మొదటి దాంట్లో. ఆ రెండిటికీ మధ్య రైలు మూడు నిమిషాలే, కానీ దానికోసం నిలబడటం, మూడు ట్రాలీలు తోసుకెళ్లడం ఉంటుందిగా, అందులో ఇంకో పది పోయాయి. కౌంటర్ చేరేసరికి విమానానికి ముప్పై ఐదు నిమిషాలుంది. కౌంటర్ గంట ముందే మూసేస్తారు.

మమ్మల్ని నో-షో కింద రాసేశారు. మా చవక రకం టికెట్లకి పైసా తిరిగి రాలేదు. కొత్తగా మూడు వన్-వే టికెట్లు కొనడానికి అయిన ఖర్చు, మొత్తం ప్రయాణంలో మిగిలిందనుకున్న దానికంటే ఎక్కువ. ఈ ఉద్యోగంలో నేను రోజూ చూసే ఇంకో ప్రమాదం ఉంది. ఒకే టికెట్‌లో ముందున్న సెక్టారు ఎక్కకపోతే వెనకున్న సెక్టార్లన్నీ మామూలుగా రద్దయిపోతాయి. అదే ఆలస్యం వల్ల, మాకులా తిరుగు ప్రయాణంలో కాక, రానూపోనూ టికెట్‌లో మొదటి సెక్టారే తప్పిపోతే తిరుగు టికెట్టు కూడా పోతుంది.

బరువు సంగతి కూడా మరవకండి. అమెరికా టికెట్ మీద ఇరవైమూడు కిలోల పెట్టెలు రెండు ఉచితం కావచ్చు, విడిగా కొన్న చవక టికెట్‌కి అది వర్తించదు. చేతి సామాను ఏడు కిలోలు, దాన్నీ తూకం వేస్తారు. పెద్ద పెట్టె బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, కౌంటర్ దగ్గర ధర మండిపోతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. నగరం చూసే రోజుల్ని వెళ్లేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు పెట్టుకోండి. రెండు టికెట్ల మధ్య రెండు మూడు రాత్రులుంటే మొదటి విమానం పూర్తిగా ఒకరోజు ఆగినా మీ పెద్ద టికెట్ నిలుస్తుంది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 2023 డిసెంబరు నుంచి ముప్పై రోజులు వీసా లేకుండా రానిస్తున్నారు. అయినా బయలుదేరేముందు నిబంధన మారిందేమో చూసుకోండి.

మాకు ఆ రెండు రాత్రులూ కోరుకోకుండా వచ్చాయి. బ్రిక్‌ఫీల్డ్స్‌లో గది తీసుకున్నాం. విదేశీయులు గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను విడిగా కట్టాలి, అది లెక్కలో వేసుకోండి. విమానాశ్రయం ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి 55 రింగిట్లు, బస్సు అందులో మూడోవంతు కూడా ఉండదు. బ్రిక్‌ఫీల్డ్స్ పక్కనే కేఎల్ సెంట్రల్ స్టేషన్. అక్కడ లోకల్ రైలెక్కితే బటు కేవ్స్ గుడి ముందే దిగుతారు. 42.7 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం, 272 మెట్లు, ప్రధాన గుహకి టికెట్ లేదు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నమైతే ఎండ, ఆ వెనకే వాన. భోజనం అరిటాకులో, టిఫిన్ రోటీ చనాయ్. తిండి ఖర్చు గురించి దిగులుపడే పనిలేదు.

ఈ నగరానికి తెలుగుతోనూ సంబంధం ఉంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఇక్కడే. అమెరికాలో మన సంఘాలు పుట్టకముందే, 1955లోనే, ఇక్కడి తెలుగువాళ్లు సంఘం పెట్టుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి రబ్బరు, కొబ్బరి తోటల్లో కూలికి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ వీళ్లు. చుట్టూ తమిళం, బడిలో మలయ్, అయినా ఇంట్లో తెలుగు నిలుపుకున్నారు. వారానికోసారి వీడియో కాల్‌లో మాత్రమే తెలుగు వినే మన పిల్లల్ని ట్విన్ టవర్స్ దగ్గర ఫొటోకి నిలబెట్టండి, తప్పకుండా. ఒక పూట వీళ్ల దగ్గరకీ తీసుకెళ్లండి.

రెండోరోజు సాయంత్రం బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూల కొట్టు దగ్గర అమ్మ నాతో "ఏటిరా, మూర మల్లెలకి అంతా?" అంది. పక్కన పూలు కొంటున్న పెద్దావిడ చటుక్కున తల తిప్పింది. "ఏ వూరమ్మా మీది?" అని అడిగింది, అచ్చం మా మేనత్త అడిగినట్టు. ఆవిడ ఎన్నడూ ఇండియా చూడలేదట. పుట్టింది పేరాక్ రాష్ట్రం బగాన్ దాతోలో, కొబ్బరితోటలో. "మాది చీపురుపల్లి కాడ ఊరని మా తాత సెప్పేవోడు, ఊరి పేరు మాత్రం నాకు గేపకం లేదు" అంది. అమ్మకి చీపురుపల్లి చుట్టూ బంధువులే. ఇద్దరూ కొట్టు అరుగుమీద కూర్చుని ఇంటిపేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. పూల కొట్టు మూసేదాకా లేవలేదు.

వచ్చే జనవరిలో మళ్లీ వెళ్తున్నాం. తిరుగుదారిలో మూడు రాత్రులు, అందులో ఒక రోజు బగాన్ దాతోకి. ఆవిడకోసం అమ్మ మాగాయ పట్టిస్తానంది. ఆ సీసా బరువు కూడా కలిపి, ఈసారి విశాఖ టికెట్ మీద ఇరవై బదులు ఇరవై అయిదు కిలోలు ముందే కొన్నాను.