మీకు తెలుసా? ఒక యూనిక్స్ యంత్రం, ఎన్నో సీరియల్ లైన్లు

సీరియల్ తీగల మీద ఇంటర్నెట్ ప్యాకెట్లు పంపే ‘స్లిప్’ పద్ధతిని రిక్ ఆడమ్స్ 1984లో బర్క్‌లీ యూనిక్స్ 4.2కూ, సన్ వర్క్‌స్టేషన్లకూ రాశారు. దాని నియమాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్యాకెట్ ముగిసిందనడానికి 192 అనే బైట్ పంపాలి. సమాచారంలోనే 192 వస్తే దాని బదులు 219, 220 పంపాలి. 219 వస్తే 219, 221. అంతే! ఇంత పొందికైన ప్రొటోకాల్ అరుదు.

ఒకే యంత్రానికి ఇలాంటి లైన్లు ఎన్నో కలపవచ్చు. ‘ఎస్‌ఎల్0’, ‘ఎస్‌ఎల్1’ అంటూ ఒక్కో లైనుకు ఒక్కో ఇంటర్‌ఫేస్, దానికో ఐపీ చిరునామా. అయితే పాత బర్క్‌లీ యూనిక్స్‌లో ఎన్ని లైన్లు కావాలో కెర్నల్ కాన్ఫిగరేషన్ ఫైల్లో ముందే రాయాలి. రెండని రాశాక మూడోది కావాలంటే కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేసి, యంత్రాన్ని రీబూట్ చేయాల్సిందే.

పీసీ యూనిక్స్‌లో అసలు చిక్కు చిప్ దగ్గర వచ్చేది. పాత 8250 సీరియల్ చిప్ అందుకున్న బైట్లలో ఒక్కదాన్నే పట్టి ఉంచగలదు. ప్రాసెసర్ వచ్చి తీసుకెళ్లేలోపు ఇంకొకటి వస్తే మొదటిది పోయినట్టే. లైన్లు పెరిగేకొద్దీ ఈ నష్టమూ పెరిగేది. 16 బైట్లు దాచుకునే 16550ఏ చిప్ వచ్చాక ఎంతో ఊరట దొరికింది.

9600 బాడ్ లైను మీద సెకనుకు వెళ్లేది దాదాపు 960 బైట్లే. టెల్నెట్‌లో ఒక్క అక్షరం కొడితే 40 బైట్ల హెడర్ వెంట వెళ్లేది! వాన్ జాకబ్‌సన్ 1990లో దాన్ని చాలాసార్లు 3 నుంచి 5 బైట్లకు కుదించి చూపారు. విడివిడి లైన్లను ఒకే దారిగా కలిపే మల్టీలింక్ పీపీపీ ప్రమాణం 1994లో వెలువడింది.