బలమైన లారీకి అసలు ఖర్చు

సూళ్లూరుపేట మీదుగా చెన్నపట్టణమునకు పోవు లారీలను చూచి, చేనమ్మి బలమైన లారీ కట్టించినచో లాభించునా యని మీలో కొందరు నన్నడిగితిరి.

1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో నిరూపించిన యింజనులో నిప్పురవ్వతో పనిలేదు. అదిమిన గాలి వేడికే నూనె యంటుకొనును. ఆ యొత్తిడికి తాళుటకు దళసరి యినుము కావలెను. బలము హెచ్చవలెనన్న గాలియు నూనెయు హెచ్చుగా నందవలెను. గాలిని నెట్టుటకు టర్బో కలదు. అంతట వేడిమియు పెరుగును, రేడియేటరు పెద్దది కావలెను. క్లచ్చి, గేరుపెట్టె, ఇరుసు పాతవైనచో ఒక్కొక్కటే చెడును. పోట్లగిత్తలకు పుచ్చిన కాడి కట్టినట్లే! మనకు దక్షిణమున ఎన్నూరులోని అశోక్ లేలాండు వంటి కర్మాగారములవారు వీనినన్నిటిని ఒకదానికొకటి తగునట్లు ఎంచుట యిందుకే.

లారీ దారిలో నిలిచినచో కిరాయి పోవును, వడ్డీ నిలువదు. సొమ్ము చాలనిచో నేనైతే అశ్వబలమునే తగ్గింతును; బ్రేకుల ఖర్చు మాత్రము తగ్గింపను.