చిటికి కట్టుటకు ముందే మాట

నల్లగొండ జిల్లానుండి 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన పుట్టపాక గ్రామపు తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకప్పుడు అరబ్బు దేశములకు ఎగుమతియైన నేత సంప్రదాయమిది. పేరు నిలిచినది, బేరము నిలుచుటెట్లు?

ఈ నేతలో నూలు మగ్గమెక్కకముందే చిటికి కట్టి రంగులో ముంచుదురు. పిదప విదేశపు కొనుగోలుదారుడు వర్ణము మార్చుమన్నచో దిద్దుటకు వీలులేదు. నష్టము నేతగానిమీదనే పడును. కావున కొలత, వర్ణము, గడువు, రవాణా వ్యయము, మార్గమధ్యమున చెడినచో బాధ్యత – ఇవన్నియు ముందే వ్రాతలో నుండవలెను. ఇందులో వ్యయమును, నష్టబాధ్యతను దేశదేశముల వర్తకులు ఒకే అర్థమున గ్రహించుటకే పారిస్‌లోని అంతర్జాతీయ వర్తక మండలి 1936లో ‘ఇన్‌కోటర్మ్స్’ ప్రకటించెను.

సహకార సంఘములారా! మగ్గముల లెక్కతోపాటు ఉత్తరముల లెక్కయు ఉంచుడు. మధ్యవర్తి నోటిమాటను నమ్మి నూలు ముంచవలదు.