ఢిల్లీ లేఖ: చౌల్దారీ ఉప్పునేలకు పద్దు రాసేదెవరు?

కేంద్ర బడ్జెట్ పత్రాలలో అండమాన్ నికోబార్ దీవులకు ఒక ప్రత్యేక పద్దు ఉంటుంది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం కనుక అక్కడి పల్లెలో కాలువ గట్టుకైనా సొమ్ము దేశ రాజధానిలో మంజూరు కావలసిందే. హోం మంత్రిత్వ శాఖ అడుగుతుంది, పార్లమెంటు ఇస్తుంది. ఆ పార్లమెంటులో దీవుల తరఫున లేచి మాట్లాడే లోక్‌సభ సభ్యుడు ఒక్కరే. రాష్ట్రాల పంచాయతీలకు ఆర్థిక సంఘం సిఫార్సు చేసే గ్రాంటులు కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించవు. 1994లో దీవులకు పంచాయతీ రెగ్యులేషన్ వచ్చింది గాని, ఖజానా తాళంచెవి దానితో పాటు రాలేదు.

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ గ్రామం పేరు మన పాఠకులలో చాలామంది విని ఉండరు. దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాట్లాడేవారని 2011 లెక్కలు చెబుతున్నా, ఆ దీవులు మనకు సెల్యులార్ జైలుతోనే ఆరంభమై అక్కడే ముగుస్తాయి! 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ కెరటం వెనక్కు పోయింది. చౌల్దారీ, సిప్పీఘాట్, ఓగ్రాబ్రాజ్ పరిసరాల పల్లపు వరిపొలాలలోకి ఉప్పునీరు మాత్రం పోటుతో పాటు వస్తూనే ఉండిపోయింది.

అటువంటి పొలాన్ని ఏం చేయాలి? గట్టు కట్టి, తూము పెట్టి, ఉప్పునీటిని ఆపి మళ్ళీ వరి వేయవచ్చు. దీవుల కేంద్ర వ్యవసాయ పరిశోధనా సంస్థ ప్రోత్సహించిన పద్ధతిలో ఎత్తు మడులు లేపి, పైన కూరగాయలు, నడుమ కాలువలలో చేపలు పెంచవచ్చు. లేదా మునిగిన నేలను మడ అడవికి వదలి, రైతుకు పరిహారం చెల్లించవచ్చు. మడ అడవి తీరానికి రక్ష, నిజమే. కాని ఒకసారి అది పెరిగిందంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు దానిని కాపాడతాయి, రైతు నాగలి అక్కడ మళ్ళీ దిగదు. అంటే ఇది కేవలం ఇంజనీరు తేల్చే లెక్క కాదు. ఎవరి బ్రతుకు ఏమవుతుందన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పే హక్కు ఎవరిదన్నదే నేను ఇక్కడ ఎత్తుతున్న విషయం.

సునామీ తర్వాత సొమ్ముకు కొదవ లేదు. అయినా నికోబార్‌లో ఏం జరిగింది? ఉమ్మడి కుటుంబాలుగా జీవించే నికోబారీలకు ప్రధాన భూభాగం నుండి ఓడలలో తెచ్చిన సామగ్రితో, విడివిడి కుటుంబాల లెక్కన, వేలాది ఇళ్ళు కట్టి ఇచ్చారు. తమ ఇళ్ళు తామే కట్టుకోగల జాతికి పనిముట్లు ఇస్తే చాలునన్న మాట ఢిల్లీ చెవికి ఎక్కలేదు.

ఢిల్లీకి ఇంతకంటే మెరుగైన మార్గం తెలియదా అంటే, తెలుసు. దానిని చూపినవారు మన తెలుగు ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు. ఆయన అధ్యక్షతన 1994లో నివేదిక ఇచ్చిన సంఘం సిఫార్సులతో 1995 ఏప్రిల్ నుండి వాటర్‌షెడ్ పథకాల రూపు మారింది. సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతానికి ఒక కమిటీ, ఆ కమిటీ పేర బ్యాంకు ఖాతా, పనులను ఎంచుకునేది అక్కడి జనం. అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెలకు ఇది తెలిసిన ముచ్చటే. పెత్తందార్లు దూరిన కమిటీలు లేకపోలేదు. భూమిలేనివారి మాట చెల్లని చోట్లు ఎన్నో. అయినా చెక్‌డ్యాం ఎక్కడ కట్టాలో సచివాలయంలో కాక రచ్చబండ దగ్గర తేలడం చిన్న మార్పు కాదు.

విదేశాలలోనూ ఈ ఆలోచన బలపడింది. 1993లో అమెరికాలో స్థాపితమైన గ్లోబల్ గ్రీన్‌గ్రాంట్స్ ఫండ్ తన చిన్న గ్రాంటులను ఆయా ప్రాంతాల కార్యకర్తలే సలహాదారులుగా పంచుతుంది. అయితే దాతల దయ మీద నడిచే నిధి వేరు, ప్రజల హక్కుగా రావలసిన నిధి వేరు.

2016 నాటి పరిహార అటవీకరణ నిధి చట్టం కింద 2019లో రాష్ట్రాలకు బదిలీ అయిన మొత్తం 47 వేల కోట్ల రూపాయలు దాటింది. గ్రామసభకు అందులో దక్కింది ‘సంప్రదింపు’ అనే మాట. గ్రేట్ నికోబార్‌లో 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్ళించడానికి 2022లో సూత్రప్రాయంగా అనుమతించినప్పుడు, బదులు చెట్లు హర్యానాలో పెంచుతామన్నారు! ఏ దీవి అడవి పోతుందో ఆ దీవివాసికి నిధిపై మాట లేదు.

దీవుల పద్దులో కొంత భాగాన్ని విడదీసి, ఉప్పుపాలైన పొలాల గ్రామసభలకు అప్పగించడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. హోం శాఖ తలచుకుంటే చాలు. లోక్‌సభలో చర్చకు నోచుకోని పద్దులన్నీ ఏటా ఒక్క సాయంత్రంలో గిలటిన్ పాలవుతుంటాయి. దీవుల పద్దు వచ్చే సమావేశాలలో ఏ వరుసలో ఉంటుందో చూడాలి.