నేల సర్కారుది, గది ఎవరిది?

కోల్‌కతా బస్తీలో ఒక్క గది మీద ముగ్గురి పెత్తనం ఉండేది. నేల జమీందారుది. దాన్ని కౌలుకు తీసుకుని, పెంకుల కప్పు కింద వరుసగా గదులు కట్టించినవాడు ఠికా కౌలుదారు. ఆ గదిలో పిల్లాపాపలతో కాపురముండి నెలనెలా అద్దె కట్టేవాడు భాడాటియా. 2011 జనాభా లెక్కల్లో నగరంలో పదిమందికి ముగ్గురు, అంటే సుమారు 14 లక్షల మంది, మురికివాడల్లోనే ఉన్నారు.

1949లో వచ్చిన ఠికా చట్టం కౌలుదారును జమీందారు ఖాళీ చేయించకుండా కాపాడింది. 1981 చట్టం ఇంకా ముందుకెళ్లి నేలను రాష్ట్ర ప్రభుత్వపరం చేసింది. జమీందారు తప్పుకున్నాడు, కౌలుదారు నేరుగా సర్కారుకే కౌలు కట్టసాగాడు. ఇది పెద్ద మేలే. నగరం నడిబొడ్డున పేదల ఇళ్లు ఇన్ని దశాబ్దాలు నిలిచాయంటే ఈ చట్టాల చలవ చాలా ఉంది. 1970లో ఏర్పడిన కలకత్తా మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ) కూడా బస్తీలను కూల్చే బదులు కుళాయిలు, మరుగుదొడ్లు, వీధిదీపాలు ఇచ్చింది.

కానీ నేల మీద హక్కు మధ్యలో ఉన్నవాడి దగ్గరే ఆగింది. భాడాటియాకు దక్కింది అద్దెదారు రక్షణ మాత్రమే. చూరు కారితే బాగుచేసేది ఎవరు? వచ్చే అద్దె కొద్దిపాటిది కాబట్టి కౌలుదారుకు ఆసక్తి ఉండదు. తనది కాని గోడ మీద భాడాటియా డబ్బు పెట్టలేడు.

అదే రాష్ట్ర ప్రభుత్వం నగరానికి తూర్పున ఏం చేసిందో చూడండి. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ హయాంలో, 1962లో, హుగ్లీ నది పూడిక మట్టితో చిత్తడి నేలలు నింపి సాల్ట్ లేక్ కట్టడం మొదలుపెట్టింది. యుగోస్లావ్ నిపుణుడు తోష్కోవిచ్ ప్రణాళిక గీశాడు. అక్కడి ప్లాట్లు 999 ఏళ్ల లీజుకు ఇచ్చారు. ఉద్యోగస్థుడికి వెయ్యేళ్ల భరోసా, బస్తీ అద్దెదారుకు నెల భరోసా! ఈ తేడా మార్కెట్ పుట్టించింది కాదు, సర్కారు కాగితం మీద రాసింది.

కాలువ గట్లు, రైలు పట్టాల పక్కన బతికేవారికి ఠికా చట్టపు నీడా లేదు. 2001లో మెట్రో పొడిగింపు కోసం టాలీ నాలా అనే కాలువ ఒడ్డున వేలమందిని లేపేశారు.

మన హైదరాబాదులోనూ అద్దెదారుది ఇదే గతి. 2014 నాటి 58వ నంబరు జీవో ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించింది. ఆ ఇంట్లో అద్దెకున్నవాడి పేరు పట్టాలోకి రాదు.

కోల్‌కతాలో 2019 సవరణ తర్వాత ఠికా నేలల్లో అంతస్తుల భవనాలకు దారి తెరుచుకుంది. ఇకపై కార్పొరేషన్ మంజూరు చేసే ప్రతి ప్లానులోనూ నేను ముందు వెతికేది ఒక్కటే: పాత భాడాటియాల పేర్లు, వాళ్లకు రాసిచ్చే గది కొలత.