సర్వరు లేవకపోతే ముందు యాడ చూడాల?

విశాఖలో డేటా సెంటరు కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినకాణ్ణించి మా చంద్రశేఖరపురం, పామూరు పిల్లకాయలు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఆడ మనకేం పని ఉంటది?" డేటా సెంటర్లో వరసగా పేర్చిన సర్వర్లను మనిషి చెయ్యి పడకుండా లేపి, ఓఎస్ ఎక్కించే పని ఒకటుంటది. అది సాఫీగా నడిచినన్నాళ్లు మనిషి అక్కర్లేదు. కొన్ని మిషన్లు మొరాయించినప్పుడే కావాల. హైదరాబాదులో నేను చేసేది ఆ పనే కాబట్టి, నాకు తెలిసింది చెప్తా.

కొత్త సర్వరులో ఓఎస్ ఉండదు. దాన్నే బేర్ మెటల్ అంటారు. దాని బోర్డు మీదే బీఎంసీ అని ఇంకో బుల్లి కంప్యూటరు ఉంటది. సర్వరు ఆపేసినా అది మేలుకొనే ఉంటది. దానికి ఆజ్ఞ పంపితే సర్వరు ఆన్ అయిద్ది. ఆన్ అయిన సర్వరు నెట్‌వర్క్ మీద "నాకు అడ్రస్ ఎవరిస్తారు?" అని కేకేసిద్ది. డీహెచ్‌సీపీ అడ్రస్ ఇచ్చి, ఏ ఫైలు తెచ్చుకోవాలో చెప్పిద్ది. ఆ ఫైలుతో ఒక చిన్న లైనక్స్ ర్యాములోకి వచ్చి, డిస్కులు ఎన్నున్నాయో చూసి, ఒకదాని మీద అసలు ఓఎస్ రాసిద్ది. తర్వాత రీబూట్. ఈ నెట్‌వర్క్ బూట్ పేరు పీఎక్స్ఈ. ఇంటెల్ వాళ్లు 1999లో ఖాయం చేసిన 2.1 పద్ధతే ఇప్పటికీ దీనికి పునాది. కెనానికల్ వాళ్ల మాస్ అయినా, ఓపెన్‌స్టాక్‌లో ఐరానిక్ అయినా లోపలి వరస దాదాపు ఇదే.

మిషను ఆగిందంటే ఈ వరసలో యాడో ఒకచోట ఆగినట్టు. డ్యాష్‌బోర్డులో ఎర్రగా "ఫెయిల్డ్" కనపడంగానే చానామంది స్క్రిప్టు తెరిచి దిద్దడం మొదలుపెడతారు. అది నాకు నచ్చదు. ముందు బీఎంసీ ద్వారా సర్వరు తెర చూడాల. అడ్రసే రాలేదంటే కేబులో, వీలానో, స్విచ్చో. పాత స్పానింగ్ ట్రీ పద్ధతిలో స్విచ్ పోర్టు తెరుచుకోడానికి 30 సెకన్లు పట్టుద్ది. అంతదాకా కేకేసి సర్వరు విసిగిపోద్ది. ఆ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ పెడితే సరి. అడ్రస్ వచ్చి ఫైలు నడవకపోతే బయోస్, యూఈఎఫ్ఐ పేచీ చూడాల. ఒకదానికి చేసిన ఫైలు ఇంకోదానికి పనికిరాదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని ఫైలును అసలు రానియ్యదు.

ఇయ్యన్నీ టైము తినే తప్పులే, నష్టం చేసేవి కావు. నష్టం డిస్కు కాడ జరుగుద్ది.

నేను పనిలో చేరిన మొదటి ఏడాది ఒక క్లయింటు సర్వరుకు ఓఎస్ మళ్లీ ఎక్కించాల్సొచ్చింది. ఓఎస్‌కు చిన్న డిస్కు, లెక్కలకు పెద్ద డిస్కులు. మా స్క్రిప్టులో "ఎస్‌డీఏ మీద రాయి" అని ఉంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేయి డిస్కు పేర్లు కావు, ఆ పూట లైనక్స్‌కు కనపడిన వరస. ముందు రోజు చిన్న డిస్కు ఎస్‌డీఏ. ఆ రోజు పెద్దది ముందు కనపడింది. స్క్రిప్టు చెప్పింది చెప్పినట్టు చేసింది. రాత్రి బ్యాకప్ ఉండబట్టి బతికాం గానీ, ఆ పొద్దు నించి రాసిన బిల్లులు పోయినయ్. చెయ్యాల్సింది చిన్న పని: డిస్కును సీరియల్ నెంబరుతోనో, డబ్ల్యూడబ్ల్యూఎన్‌తోనో చెప్పటం. ఐరానిక్‌లో రూట్ డివైస్ హింట్స్ పెట్టింది ఇందుకే. అసలు డిస్కులే కనపడకపోతే, రెయిడ్ కార్డులో వర్చువల్ డిస్కు చేశారో లేదో, ర్యాములోకి వచ్చిన లైనక్స్‌లో ఆ కార్డు డ్రైవర్ ఉందో లేదో చూడాల.

ఇంకోటి, పాత రాత. మన మార్కాపురం పలక మీద రాసింది ఎంత తుడిచినా, ఎండకు వాలుగా పట్టుకుంటే పాత అక్షరాలు లీలగా కనపడేయి గదా. వాడిన డిస్కూ అంతే. మొదట్లో ఉన్న కాస్త చెరిపి "అయిపోయింది" అనుకుంటాం. జీపీటీ తన పట్టిక నకలు ఒకటి డిస్కు చివర దాచిపెట్టుద్ది. కొన్ని రకాల లైనక్స్ రెయిడ్ గుర్తులూ చివరే ఉంటాయి. కొత్త ఓఎస్ లేచి, "ఇది పాత రెయిడ్‌లో ముక్క" అని డిస్కును పట్టుకుంటే ఇన్‌స్టాల్ ఆగిపోద్ది. రెండో డిస్కులో పాత బూట్ పార్టిషన్ మిగిలుంటే ఇంకా తమాషా: అంతా బాగా అయిందని మాస్ చెప్పుద్ది, లేచేది మాత్రం పాత ఓఎస్. వైప్ఎఫ్ఎస్, ఎస్‌జీడిస్క్ లాంటి వాటితో రెండు చివర్లూ చెరపాల. ఏ డిస్కో సీరియల్ నెంబరు సరిచూసుకున్నాకే.

అన్నీ అయ్యాక రీబూట్ కాడ ఇంకో మెలిక ఉంది. నెట్‌వర్క్ బూటే ఎప్పుడూ మొదట ఉండాలని మాస్ కోరుకుంటది. డిస్కు నించి లెమ్మని తనే పంపుద్ది. యూఈఎఫ్ఐలో కొత్త ఓఎస్ తన పేరు పైకి తోసుకుంటే, ఆ మిషను మళ్లీ మాస్ మాట వినదు.

కనిగిరి, మార్కాపురం వైపు కాలేజీల్లో ఇది నేర్పడానికి డేటా సెంటరు అక్కర్లేదు. మూలన పడేసిన పీసీలు రెండు, ఒక స్విచ్, ఉచితంగా దొరికే డీఎన్ఎస్‌మాస్క్ చాలు. అయ్యి లేకపోతే ఒక్క ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మిషన్లు పెట్టుకోవచ్చు. ఒకసారి ఓఎస్ ఎక్కించాక, డిస్కుల కేబుళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ నడపండి. ఏ డిస్కు మీద రాసిందో చూడండి.