యూనిట్ - 7: జాబ్‌ను పట్టి ఉంచడం - జిగ్‌లు, ఫిక్స్చర్‌లు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- జిగ్‌కు, ఫిక్స్చర్‌కు గల తేడాను చెప్పగలుగుతారు.
- 3-2-1 నియమాన్ని వివరించగలుగుతారు.
- లొకేటర్ల మధ్య దూరం ఖచ్చితత్వాన్ని ఎలా మారుస్తుందో లెక్కించగలుగుతారు.

7.1 పరిచయం

గోదావరిఖని ప్రాంతంలో నివసించే మీకు సింగరేణి గనులు, వాటికి అనుబంధంగా ఉన్న వర్క్‌షాపులు కొత్త కావు. భూగర్భ గనిలో బొగ్గును మోసే కన్వేయర్ బెల్టును ఉదాహరణగా తీసుకుందాం. దానిని నడిపే గేర్‌బాక్స్ కింద ఒక ఉక్కు పలక ఉంటుందనుకోండి. ఆ పలకకు నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు ఉంటాయి. వాటి ద్వారా 16 మిల్లీమీటర్ల బోల్టులను కింది ఫ్రేములోని మరల్లోకి బిగిస్తారు.

పలక పైన వర్క్‌షాపులో తయారవుతుంది. బిగింపు మాత్రం కింద గనిలో జరుగుతుంది. రంధ్రం కలవకపోతే ఉపరితలంపై అయితే గ్యాస్ కట్టరుతో సరిచేసుకోవచ్చు. భూగర్భ బొగ్గు గనిలో మీథేన్ వాయువు ఉండే అవకాశం ఉన్నందున, ప్రత్యేక అనుమతి, తగిన జాగ్రత్తలు లేకుండా మంట వెలిగించరాదు. కాబట్టి పలకను మళ్ళీ పైకి పంపవలసి వస్తుంది. అది తిరిగి వచ్చేవరకు బెల్టు ఆగిపోతుంది. అందువల్ల కిందికి దిగే ప్రతి పలకా మొదటిసారే సరిపోవాలి.

7.2 గుర్తు పెట్టి చేయడంలో ఇబ్బంది

ఒకే ఒక పలక కావలసినప్పుడు స్క్రైబరుతో గీతలు గీసి, సెంటర్ పంచ్ కొట్టి, డ్రిల్ చేస్తే సరిపోతుంది. కాని అటువంటివి నలభై కావాలంటే? నలభై సార్లు కొలవాలి, నలభై సార్లు గీయాలి. ప్రతిసారీ కొంత తేడా వస్తుంది. ఆ తేడా ఏ పలకలో ఎటువైపు వస్తుందో ముందుగా చెప్పలేము.

ఈ కొలతను ఒక్కసారే జాగ్రత్తగా చేసి, దానిని ఒక సాధనంలో స్థిరపరచడమే జిగ్, ఫిక్స్చర్‌ల వెనుక ఉన్న ఆలోచన.

జిగ్: జాబ్‌ను పట్టి ఉంచడంతోపాటు పనిముట్టుకు దారి కూడా చూపుతుంది. డ్రిల్ జిగ్‌లో గట్టిపరచిన ఉక్కు బుష్‌లు డ్రిల్లును పక్కకు పోనీయవు.

ఫిక్స్చర్: జాబ్‌ను సరైన స్థానంలో పట్టి ఉంచుతుంది, కాని పనిముట్టుకు దారి చూపదు. దీనిని సాధారణంగా యంత్రపు బల్లకు బిగిస్తారు. మిల్లింగ్‌లో దీని వాడకం ఎక్కువ.

7.3 3-2-1 నియమం

ఏ వస్తువైనా మూడు అక్షాల వెంట ముందుకు, వెనుకకు జరగగలదు. అదే మూడు అక్షాల చుట్టూ రెండు దిశల్లో తిరగగలదు. అనగా మొత్తం పన్నెండు కదలికలు. వీటిని ఈ క్రమంలో ఆపుతాము.

మొదట కింద మూడు ఆధారాలు. మూడు రాళ్ళ పొయ్యిపై కుండ ఊగకుండా నిలుస్తుందని మీకు తెలుసు. నాలుగో రాయి పెడితే, అది మిగిలిన మూడింటితో సరిగ్గా సమంగా లేనప్పుడు కుండ ఊగుతుంది. ఎగుడుదిగుడుగా ఉన్న జాబ్‌కు కూడా ఇదే సూత్రం. ఈ మూడు ఆధారాలు 5 కదలికలను ఆపుతాయి.

తరువాత పొడవాటి పక్కన రెండు పిన్నులు. ఇవి మరో 3 కదలికలను ఆపుతాయి. చివరగా పొట్టి పక్కన ఒక పిన్ను 1 కదలికను ఆపుతుంది. మొత్తం 9.

మిగిలిన 3 కదలికలు లొకేటర్ల నుండి దూరంగా పోయేవి. వాటిని ఆపే పని క్లాంపులది. కనుక క్లాంపు జాబ్‌ను ఎల్లప్పుడూ లొకేటర్ల వైపే నొక్కాలి. కింద ఆధారం లేనిచోట గట్టిగా బిగిస్తే పలక వంగుతుంది. అదే స్థితిలో డ్రిల్ చేసి క్లాంపు విప్పగానే పలక తన ఆకారానికి తిరిగి వస్తుంది, రంధ్రం మాత్రం వంకరగా మిగులుతుంది.

7.4 ఒక లెక్క

మన పలకలో రంధ్రం వ్యాసం 17.5 మి.మీ., బోల్టు 16 మి.మీ. అనుకుందాం. ఖాళీ 1.5 మి.మీ.; అనగా ఒక్కో వైపు 0.75 మి.మీ. రంధ్రపు కేంద్రం తన స్థానం నుండి ఇంతకు మించి జరిగితే బోల్టు దిగదు.

పొడవాటి పక్కన ఉన్న రెండు పిన్నుల మధ్య దూరం 100 మి.మీ. అనుకోండి. రెండో పిన్ను వద్ద 0.3 మి.మీ. మందం గల లోహపు పొట్టు ఇరుక్కుంది. మొదటి పిన్ను నుండి 300 మి.మీ. దూరంలో ఉన్న రంధ్రం వద్ద తప్పు:

0.3 × 300 ÷ 100 = 0.9 మి.మీ.

ఇది 0.75 కంటే ఎక్కువ. పలక పనికిరాదు. ఇప్పుడు పిన్నులను 300 మి.మీ. దూరంలో ఉంచితే:

0.3 × 300 ÷ 300 = 0.3 మి.మీ.

అదే పొట్టు ఉన్నా బోల్టు దిగుతుంది. కాబట్టి లొకేటర్లను జాబ్ అనుమతించినంత దూరంగా అమర్చాలి. అయినా, ప్రతి జాబ్‌కు ముందు బ్రష్‌తో శుభ్రం చేయడం మానరాదు.

7.5 గుర్తుంచుకోవలసిన హెచ్చరిక

జిగ్ తప్పులను సరిదిద్దదు. అది ఒకే ఫలితాన్ని మళ్ళీ మళ్ళీ ఇస్తుంది. జిగ్‌లోనే తప్పు ఉంటే, బుష్ అరిగిపోతే, నలభై పలకలూ ఒకే రకంగా చెడిపోతాయి. అందుచేత మొదటి పలకను పూర్తిగా కొలిచిన తరువాతే రెండవది ఎక్కించాలి. పలకను తిరగేసి పెట్టే అవకాశం ఉంటే, తప్పు వైపున అడ్డుపడేలా ఒక పిన్ను అమర్చాలి. రాత్రి షిఫ్టులో అలసిన చేయి కూడా అప్పుడు పొరపాటు చేయలేదు.

7.6 సారాంశం

లొకేటర్లు జాబ్ స్థానాన్ని నిర్ణయిస్తాయి. క్లాంపులు ఆ స్థానాన్ని నిలుపుతాయి. ఒకదాని పని మరొకదానికి అప్పగించరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కింద మూడు ఆధారాలు మాత్రమే ఎందుకు ఉంచుతారు?
2. పై లెక్కలో పిన్నుల దూరం 150 మి.మీ. అయితే బోల్టు దిగుతుందా?
3. మీకు తెలిసిన వర్క్‌షాపులో వాడే ఒక జిగ్‌ను గమనించి, దానిలో లొకేటర్లు ఏవో, క్లాంపులు ఏవో రాయండి.